సామర్లకోట వైద్యుడు, గోదావరి టేకు: విలియం రాక్స్‌బర్గ్ జీవితం

తునికి, జిట్రేగి, వేగిస, ఏపి వంటి మన అడవి చెట్ల శాస్త్రీయ నామాలను ఏ వృక్షశాస్త్ర గ్రంథంలో చూసినా, పేరు చివర ఒకే వ్యక్తి పేరు సంక్షిప్తంగా కనిపిస్తుంది. ఆ చెట్లను శాస్త్ర ప్రపంచానికి తొలిసారి వర్ణించి చెప్పినవాడు విలియం రాక్స్‌బర్గ్ అని దాని అర్థం. భారతీయ వృక్షశాస్త్ర పితామహునిగా ఆయనను పేర్కొనడం పరిపాటి. కలకత్తా వృక్షోద్యానంతో ఆయన పేరు ముడిపడి ఉన్నప్పటికీ, ఆయన చూపు పదునెక్కినది తెలుగు నేల మీద. నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో 1781 నుండి 1793 వరకు గడచిన పన్నెండేళ్లే ఆయనను శాస్త్రజ్ఞునిగా తీర్చిదిద్దాయి. గోదావరి కొండల టేకును గురించి ఆయన గమనించిన ఒక విషయం, రెండు శతాబ్దాల తరువాత కూడా అటవీ శాస్త్రవేత్తలకు, టేకు నాటే రైతులకు అక్కరకు వస్తున్నది.

బాల్యం, విద్య

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. ఆ రోజుల్లో మందులు చాలావరకు మొక్కల నుండే వచ్చేవి గనుక వైద్య విద్యార్థికి వృక్షశాస్త్రం తప్పనిసరి. అక్కడ ఆ శాస్త్రాన్ని బోధించిన జాన్ హోప్, లిన్నేయస్ వర్గీకరణ పద్ధతిని బ్రిటన్‌లో తొలుత ప్రచారంలోకి తెచ్చిన వారిలో ఒకరు. గురువు శిక్షణ శిష్యుని జీవితాంతం వెంట వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వైద్య సహాయకునిగా కొంతకాలం పనిచేసిన పిమ్మట, 1776లో ఆయన మద్రాసు వైద్య శాఖలో సహాయ సర్జనుగా చేరారు. 1780లో సర్జను అయ్యారు.

తొలి రోజుల్లో ఆయన కొలువు తమిళనాడు తీరంలోని నాగూరులో. అక్కడికి దగ్గరలోనే తరంగంబాడిలో డేనిష్ వారి స్థావరం ఉండేది. లిన్నేయస్ వద్ద స్వయంగా చదువుకున్న జొహాన్ గెర్హార్డ్ కోనిగ్ అక్కడ వైద్యునిగా ఉండి, కోరమండల తీరపు మొక్కలను సేకరిస్తూ ఉండేవారు. మన ఎర్రచందనం వంటి చెట్లు ఐరోపా శాస్త్రజ్ఞుల దృష్టికి వెళ్లినది కోనిగ్ పంపిన నమూనాల ద్వారానే. ఈ పెద్దాయనతో కలిగిన స్నేహం రాక్స్‌బర్గ్‌కు రెండవ విద్యాభ్యాసం వంటిది. నాగూరులోనే ఆయన వాన, గాలి, ఎండలను ప్రతిదినం కొలిచి రాసి ఉంచే అలవాటు చేసుకున్నారు. మొక్క ఎదుగుదలను అది పెరిగే చోటు నుండి విడదీసి చూడరాదన్న ఎరుక ఆయనకు ఈ దశలోనే ఏర్పడిందని చెప్పవచ్చు.

సామర్లకోటలో పన్నెండేళ్లు

1781లో రాక్స్‌బర్గ్ సామర్లకోట కోటలోని కంపెనీ దళానికి వైద్యునిగా వచ్చారు. ఆ ఊరి స్థానం ఆయనకు కలిసివచ్చింది. ఒక వైపు సముద్ర తీరం, మరొక వైపు గోదావరి డెల్టా, వెనుక కొద్ది రోజుల ప్రయాణంలో రాజమండ్రి సర్కారు కొండలు. తేమ నేల, మెట్ట నేల, అడవి నేల మూడూ అందుబాటులో ఉండేవి. అక్కడ ఆయన ఒక తోట వేసి, మిరియం, కాఫీ, నీలిమందు, మల్బరీ, చెరకు వంటి వాటిపై ప్రయోగాలు మొదలుపెట్టారు. అంకుడు చెట్టు ఆకు నుండి నీలిరంగు తీయవచ్చునని చూపారు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి సింకోనాకు బదులుగా పనికివస్తుందని పరీక్షించి చిన్న పుస్తకం రాశారు. ఆ చెట్టుకు నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న శాస్త్రీయ నామం తెలుగు పేరు నుండే పుట్టినది. తంబ జాలారి చెట్టుకు ఆయన పెట్టిన జాతి నామంలోనూ తెలుగు మాట వినిపిస్తుంది.

ఈ పనిలో ఆయన ఒంటరి కాదు. కొండల్లో, పల్లెల్లో చెట్టు పేరు, వాడుక, పూత కాలం తెలిసినవారు ఆయనకు చెప్పారు. స్థానిక చిత్రకారులు ఆయన కళ్లెదుట కూర్చుని మొక్కలను ఉన్నవి ఉన్నట్లు, రంగులతో సహా చిత్రించారు. వేరు, ఆకు, పూవు, కాయ, కాయను కోసినప్పుడు లోపల కనిపించే గింజ వరకు అన్నీ ఆ బొమ్మల్లో ఉన్నాయి. ఆ చిత్రకారుల పేర్లు గ్రంథాలకెక్కలేదు. వారి చేతిపని మాత్రం కోరమండల తీరపు మొక్కలపై 1795 నుండి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడిన మహాగ్రంథంలో 300 చిత్రాలుగా నిలిచి ఉన్నది. వైజాగపట్నంలో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞునిగా ఉండిన పాట్రిక్ రస్సెల్ ఆ గ్రంథ ప్రచురణకు పూనిక వహించగా, లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ దానిని పర్యవేక్షించారు. రస్సెల్ స్వదేశం వెళ్లిన పిమ్మట ఆయన పదవి రాక్స్‌బర్గ్‌కు దక్కింది.

కష్టాలు కూడా ఆ పన్నెండేళ్లలోనే వచ్చాయి. 1785లో కోనిగ్ యాత్ర మధ్యలో జబ్బుపడి, కాకినాడ చెంతనున్న జగన్నాథపురంలో కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసినవాడు శిష్యసమానుడైన రాక్స్‌బర్గే. రెండేళ్లకు, 1787 మే నెలలో, కోరంగి తీరాన్ని భయంకరమైన తుపాను ఉప్పెన ముంచెత్తింది. యానాం, ఇంజరం పరిసర గ్రామాలు నీటిపాలయ్యాయి. వేలాది ప్రజలు మరణించారు. రాక్స్‌బర్గ్ ఏళ్ల తరబడి కూడబెట్టిన ఎండు మొక్కల నమూనాలు, పుస్తకాలు, కాగితాలు ఆ ఉప్పెనలో పోయాయి. ఆయన మళ్లీ మొదటి నుండి సేకరించడం ఆరంభించారు.

ఆ దెబ్బ నుండి ప్రజలు తేరుకోకముందే వర్షాలు తప్పాయి. 1790 ప్రాంతంలో ఉత్తర సర్కారులను పట్టి పీడించిన కరవు ఆయన కళ్లెదుటే జరిగింది. తాను నమోదు చేసిన వానల లెక్కలతో ఆ విపత్తును బేరీజు వేసి, ఒక్క వరి పంటపైనే ఆధారపడిన ప్రజలకు వాన తప్పినప్పుడు మరో తిండి ఉండాలని వాదించారు. కొబ్బరి, తాటి, పనస, అరటి వంటి చెట్లను గట్ల వెంబడి, రోడ్ల వెంబడి విస్తారంగా నాటించాలని ప్రభుత్వానికి ప్రతిపాదించారు. చెట్టు నాటడం ఆయనకు అప్పటి నుండి కేవలం శాస్త్ర విషయంగా మిగలలేదు.

టేకు కాయలోని చిక్కు

ఆ కాలంలో కంపెనీకి, బ్రిటిష్ నౌకాదళానికి టేకు మీద ఎనలేని ఆశ ఉండేది. సముద్రపు నీటికి, పురుగుకు లొంగని కలప అది. మలబారు అడవులను ఎడాపెడా కొట్టివేయడంతో పెద్ద చెట్లు తరిగిపోతున్నాయి. నరికిన చోట నాటడం ఎలాగన్న ప్రశ్నకు నాడు రాసిపెట్టిన సమాధానం లేదు. టేకు గింజ అంత సులభంగా మొలకెత్తదు.

టేకు కాయ చిన్నదే అయినా లోపలి పెంకు రాయివంటిది. అందులో నాలుగు గదులుంటాయి. ఒకటి మొదలు నాలుగు వరకు గింజలుండవచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు. ఒకే రోజు చల్లిన కాయల్లో కొన్ని నెలకే మొలకెత్తుతాయి, కొన్ని మరుసటి ఏడు వానలకు గాని కదలవు. సర్కారు కొండల్లోని గుగ్గిలం చెట్టు దీనికి పూర్తిగా భిన్నం. దాని గింజ రాలిన కొద్ది రోజుల్లోనే మొలకెత్తాలి, లేకుంటే చచ్చిపోతుంది. టేకు గింజ మాత్రం పెంకులో దాగి ఓపికగా వేచి ఉంటుంది. అడవిలో ఆ ఓపిక జాతిని కాపాడుతుంది, నారుమడిలో అదే తోటమాలిని విసిగిస్తుంది.

రాక్స్‌బర్గ్ ఈ చిక్కును ఓర్పుతో విప్పారు. ఆయన రాసిపెట్టిన పద్ధతి ఇది. తొలకరికి కాస్త ముందో, వానలు పడిన వెంటనేనో, మంచి మట్టి మడిలో అంగుళం ఎడంతో కాయలు విత్తాలి. పైన పావు అంగుళం మట్టి కప్పి, దాని మీద కుళ్లిన గడ్డి పరచాలి. ఎండ కాసినప్పుడు మెల్లగా నీరు చిలకరించాలి. నాలుగు నుండి ఎనిమిది వారాల్లో మొలకలు వస్తాయి, కొన్ని చాలా నెలల తరువాత వస్తాయి. మొదట అవి క్యాబేజీ నారంత చిన్నవిగా ఉండి, చూసేవానికి ఇది మహావృక్షం కాగలదన్న నమ్మకం కలిగించవు. ఒకటి రెండు అంగుళాలు పెరగగానే వాటిని తీసి మరో మడిలో అరడుగు ఎడంతో నాటి, మరుసటి ఏడు వానల్లో శాశ్వత స్థలానికి మార్చాలి. నేటి నర్సరీల్లో కాయలను నానబెట్టి ఎండబెట్టడం, ఏడాది మొక్కను వేరు, కాండం కత్తిరించి స్టంపుగా నాటడం వంటి మెలకువలు చేరాయి గాని, వానకాలాన్ని నమ్మి రెండు దశల్లో పెంచాలన్న మూల సూత్రం మారలేదు.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. టేకు అంతా ఒకటి కాదని రాక్స్‌బర్గ్ గమనించారు. గోదావరి ఒడ్డున పెరిగే టేకు అందమైన చారలతో, దట్టమైన పోగుతో, తాను చూసిన ఇతర టేకులన్నిటికంటె బరువుగా ఉంటుందని, సామానుల తయారీకి శ్రేష్ఠమని రాశారు. బర్మాలోని ఐరావతీ తీరపు టేకు అడవుల గొప్పతనాన్ని వేరుగా చెప్పారు. ఆకు, పూవు, కాయ ఒకటే అయిన చెట్టుకు ఒక నది ఒడ్డున ఒక గుణం, మరొక నది ఒడ్డున మరొక గుణం ఎందుకు వచ్చింది? ఆ తేడా గింజలో ఉన్నదా, నేలలో ఉన్నదా? దానికి సమాధానం చెప్పగల శాస్త్రం నాటికి పుట్టలేదు. వంశపారంపర్యంపై మెండెల్ పరిశోధన వెలువడినది 1866లో.

హుగ్లీ ఒడ్డున గోదావరి విత్తనం

1793లో కలకత్తా వృక్షోద్యాన స్థాపకుడు కర్నల్ రాబర్ట్ కిడ్ మరణించగా, ఆ పదవి రాక్స్‌బర్గ్‌కు లభించింది. హుగ్లీ నది పడమటి ఒడ్డున శిబ్‌పూర్‌లో 1787లో ఏర్పడిన ఆ తోట లక్ష్యాల్లో ఓడలకు కావలసిన టేకును బెంగాల్‌లోనే పండించడం ఒకటి. దిగువ బెంగాల్ టేకుకు సహజమైన నేల కాదు. కనుక కిడ్ కాలంలోనే రాజమండ్రి సర్కారు నుండి టేకు తెప్పించి అక్కడ నాటారు. గోదావరి కొండల సంతతి అలా గంగా డెల్టాకు చేరింది. ఆ చెట్లను పుట్టినచోట చూసి ఎరిగిన రాక్స్‌బర్గ్, వాటినే కొత్త నేల మీద పెంచే బాధ్యత తీసుకున్నారు.

చెట్లు చక్కగా పెరిగాయి. ఆయన వాటి చుట్టుకొలతను కొలిచి, వయసుతో సరిచూసి నమోదు చేశారు. గింజల నుండి కొత్త తరాన్ని పెంచి, బెంగాల్‌లోని ఇతర ప్రాంతాల్లోనూ నాటించే ప్రయత్నం సాగించారు. తొలి పదిహేను ఇరవై ఏళ్ల పెరుగుదల చూసినవారికి బెంగాల్ టేకు భవిష్యత్తుపై సందేహం కలిగే అవకాశమే లేదు.

ఆయన నిష్క్రమించిన తరువాత అసలు సంగతి బయటపడింది. వయసు పెరిగిన కొద్దీ చెట్లు మొదలు వద్ద బోలుపడసాగాయి. గంగా మైదానపు ఒండ్రు నేల టేకును వేగంగా పెంచింది గాని, ఓడకు పనికివచ్చే గట్టి చేవను ఇవ్వలేకపోయింది. మూడు దశాబ్దాల అనుభవం తరువాత శిబ్‌పూర్‌లో టేకు ఆశ వదులుకున్నారు. 1820లో ఆ టేకు నేలను బిషప్ కళాశాల నిర్మాణానికి ఇచ్చివేశారు. తరువాతి కాలంలో అదే స్థలంలో ఇంజనీరింగు కళాశాల వెలిసింది. గింజ గోదావరిదైనా నేల గోదావరిది కాలేదు. రాక్స్‌బర్గ్ వేసిన ప్రశ్నలో సగానికి కాలం ఇచ్చిన జవాబు ఇది. లేత వయసు వేగం ముదిరిన చెట్టు గుణానికి హామీ కాదన్న పాఠం కూడా ఇందులో ఇమిడి ఉన్నది.

చివరి రోజులు

కలకత్తాలో ఇరవై ఏళ్లు పనిచేసిన రాక్స్‌బర్గ్ ఆరోగ్యం పదేపదే దెబ్బతిన్నది. మధ్యలో కేప్ ప్రాంతానికి వెళ్లి కొంతకాలం విశ్రాంతి తీసుకున్నారు. అక్కడా మొక్కలు సేకరించడం మానలేదు. 1813లో భారతదేశాన్ని శాశ్వతంగా విడిచి, దారిలో సెయింట్ హెలీనా ద్వీపంలో ఆగి, ఆ ద్వీపపు మొక్కల పట్టిక తయారుచేశారు. 1815లో ఎడింబరోలో మరణించారు. నగరంలోని గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఆయన సమాధి ఉన్నది.

తన జీవిత కృషిని అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు పూర్తిగా దక్కలేదు. కలకత్తా తోటలోని మొక్కల జాబితాను ఆయన మిత్రుడు, శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ 1814లో ప్రచురించారు. భారతదేశపు మొక్కలను వర్ణించిన ప్రధాన గ్రంథం ఫ్లోరా ఇండికా పూర్తిగా వెలువడేసరికి 1832 వచ్చింది. అప్పటికి ఆయన పోయి పదిహేడేళ్లు. టేకు నారు పెంచే పద్ధతి, గోదావరి టేకు విశిష్టత ఆ గ్రంథంలోనే ఉన్నాయి. ఆయన చేయించిన రెండు వేలకు పైగా వర్ణచిత్రాల ప్రతులు నేటికీ కలకత్తాలోను, లండన్ సమీపాన ఉన్న క్యూ ఉద్యానంలోను భద్రంగా ఉన్నాయి.

మిగిలిన సగం జవాబు

1840 దశకంలో మలబారు కలెక్టరు కొనొలి, ఆయన సహాయకుడు చాతు మేనోన్ నిలంబూరులో టేకు వనం వేశారు. అక్కడి ఒండ్రు నేల నీరు నిలవనిది, విత్తనం చుట్టుపక్కల అడవులది. గింజ మొలకెత్తించడంలో తొలుత అవస్థపడినా, ఆ వనం నిలిచింది. 1846లో నాటిన చెట్లున్న భాగాన్ని నేటికీ సంరక్షిస్తున్నారు. శిబ్‌పూర్‌లోనూ ఒండ్రు నేలే, నిలంబూరులోనూ ఒండ్రు నేలే. ఒకచోట ఓటమి, మరొకచోట గెలుపు. నేల పేరు ఒకటైతే చాలదు, లోతు, నీటి పారుదల, ఆ నేలకు అలవాటుపడిన విత్తన వంశం కుదరాలి.

ఆ వంశం మాట పరీక్షకు వచ్చినది 1970 దశకంలో. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, డెన్మార్క్ శాస్త్రవేత్తల చొరవతో భారతదేశం, థాయిలాండ్, లావోస్, ఇండోనేషియా తదితర ప్రాంతాల విత్తనాలను సేకరించి, ఉష్ణమండల దేశాల్లో అనేక చోట్ల పక్కపక్కనే నాటి కొలిచారు. ఒకే మడిలో, ఒకే వానకు పెరిగినా వేర్వేరు చోట్ల నుండి వచ్చిన మొక్కలు వేర్వేరుగా ఎదిగాయి. ఎత్తు, కాండం తిన్నదనం, తొలిసారి పూతకు వచ్చే వయసు మూలస్థానాన్ని బట్టి మారాయి. ఒక చోట మొదటి వరసలో నిలిచిన రకం, మరో చోట వెనుకబడింది. తేడా గింజలోనూ ఉన్నది, నేలలోనూ ఉన్నది, ఆ రెంటి పొందికలోనూ ఉన్నదని తేలింది. ఇటీవలి దశాబ్దాల డీఎన్‌ఏ పరిశీలనలు భారతీయ టేకులో జన్యు వైవిధ్యం ఆగ్నేయాసియా టేకు కంటె ఎక్కువని చూపాయి.

ఈ జ్ఞానానికి రైతు పొలంలో నేరుగా పని ఉన్నది. టేకు పూత కొమ్మ చివర వస్తుంది. చెట్టు చిన్న వయసులోనే పూస్తే పైకి వెళ్లే కాండం అక్కడే ఆగి రెండుగా చీలుతుంది. ఎప్పుడు పూయాలన్నది చాలావరకు వంశ లక్షణం. తొందరగా పూసే పొట్టి, వంకర చెట్టు కాయలు విరివిగా ఇస్తుంది, చేతికి అందుతుంది గనుక కూలీలు దాని కిందనే ఏరుతారు. ఆ కాయలతో నారు పోస్తే వంకరతనాన్నే చేతులారా పెంచినట్లవుతుంది. పైగా టేకు పువ్వులో పరాగ సంపర్కం ఎక్కువగా పురుగుల వల్ల, చెట్టుకు చెట్టుకు మధ్య జరుగుతుంది. కాబట్టి ఒకే తల్లి చెట్టు కాయల నుండి వచ్చిన మొలకలు కూడా ఒకదానితో ఒకటి పోలవు. నారుమడిలో ఒకటి జానెడు ఉండగా పక్కది మూరెడు ఎదగడం అందువల్లనే. అడవిలో మేలైన చెట్లను ఎంచి, వాటి అంట్లతో విత్తన తోటలు వేయడం ఈ కారణం చేతనే మొదలయింది.

1990 దశకంలో టేకు పేరిట పెట్టుబడులు సేకరించిన సంస్థలు ఏపుగా ఎదిగిన లేత మొక్కలను చూపి జనాన్ని నమ్మించాయి. పదిహేను, ఇరవై ఏళ్లలో లక్షలన్న మాటకు ఎందరో తమ పొదుపు పోగొట్టుకున్నారు. శిబ్‌పూర్ చెట్ల కథ తెలిసినవారు ఆ మాటను అంత తేలికగా నమ్మి ఉండేవారు కారు.

రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో గోదావరి టేకు నేటికీ సహజంగా మొలకెత్తుతున్నది. బయటి విత్తనంతో ఎన్ని తోటలు వేసినా, ఈ కొండల వంశం ఒకసారి పోతే తిరిగి తెచ్చుకోవడానికి మరో చోటు లేదు. ఆ టేకు వేరని మొదట రాసిపెట్టినవాడు పొట్టకూటికి వచ్చిన పరదేశీ వైద్యుడు. ఆయనకు ఆ చెట్టును చూపించినవారు, దాని పేరు చెప్పినవారు, బొమ్మ గీసినవారు ఈ నేల మనుషులు. విత్తనం కొనే ముందు అది ఏ అడవిది, ఏ చెట్టుది అని అడగడం రాక్స్‌బర్గ్ జీవితం నుండి రైతులు, అటవీ ఉద్యోగులు నేర్వదగిన మొదటి పాఠం.